స్తన శస్త్రచికిత్స – కొలత నిర్ణయించువా రెవరు?

స్త్రీ శరీరమును గూర్చి మాటలాడుటకు మనకు చిరకాలము రెండే మార్గములుండెను. ఒకటి ప్రబంధకవుల మార్గము. అందు వక్షోజములు బంగారుకుండలు, జక్కవపిట్టలు, పర్వతశిఖరములు. వర్ణించువాడు పురుషుడు, విని మెచ్చువాడును పురుషుడే. రెండవది గృహమార్గము, అది మౌనము. రొమ్ములో గడ్డ చేతికి తగిలినను తల్లి కూతురితో చెప్పదు, కోడలు అత్తతో చెప్పదు, భార్య భర్తతో చెప్పదు. చెప్పునాటికి అది పుండై యుండును. ఒకచోట అతిశయోక్తి, వేరొకచోట మౌనము. ఈ రెంటి నడుమ కొలత, లాభనష్టవిచారణ, సమ్మతి అను మూడు మాటలకు చోటు లేకపోయెను.

నేడు ఆ మూడు మాటలును అవసరమైన కాలము వచ్చినది. రొమ్ము పరిమాణమును పెంచుటకును, వ్యాధివలన పోయిన రొమ్మును తిరిగి నిర్మించుటకును సిలికోను ఇంప్లాంటులు పెట్టు ప్లాస్టిక్ సర్జనులు మన సికిందరాబాదులోను, హైదరాబాదులోను ఉన్నారు. వారియొద్దకు పోవు స్త్రీ ఎదుట మొదట నిలుచు ప్రశ్న, ఎంత పరిమాణము, ఎట్టి ఆకృతి అనునది. చూచుటకిది అలంకారప్రశ్నవలె నుండును. దీని వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర యున్నది. ఆ చరిత్రలో పొరపాట్లున్నవి, మరణములున్నవి, న్యాయస్థానముల తీర్పులున్నవి. వాని నెరుగక యీ ప్రశ్నకు ఉత్తరము చెప్పుట క్షేమము కాదని మా యభిప్రాయము. కాబట్టి ఆ చరిత్రను సంగ్రహముగా చెప్పి, పిమ్మట కొలత విషయమునకు వత్తుము.

పోయిన అవయవమునకు రూపము కల్పించు శస్త్రవిద్యకు మన దేశమే పుట్టిల్లని చెప్పుకొనుట వాడుక. ఆ మాటలో సత్యము కలదు. ఆ సత్యములో మనకు కావలసిన ముఖ్యాంశమును మాత్రము తరచుగా విడిచిపెట్టుచుందుము. తెగిన ముక్కును తిరిగి కల్పించుటకు సుశ్రుతుడు చెప్పిన విధానములో మొదటి పని కోత కాదు, కొలత. ముక్కు పరిమాణమునకు సరిపోవు ఆకును తీసికొని, దాని ప్రమాణమున చెక్కిలినుండి చర్మమును గ్రహింపవలె ననినాడు. 1792 నాటి మైసూరు యుద్ధములో ఇంగ్లీషువారి సేనయందు ఎడ్లబండి తోలు కవస్జీ యనువాడు టిప్పు సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకొనెను. పూనా ప్రాంతమున ఇటుకలు చేయు కులమునకు చెందిన యొకడు వానికి నుదుటి చర్మముతో క్రొత్త ముక్కు కల్పించెను. ఈ వృత్తాంతము 1794 అక్టోబరులో లండను జెంటిల్మన్స్ మాగజైనులో ప్రకటింపబడినది. రోగి పేరు అందు కలదు. శస్త్రకారుని పేరు లేదు. ఆ శస్త్రకారుడును పలుచని మైనపురేకును ముక్కు మోడుపై నమర్చి, దానిని చదునుచేసి నుదుటిపై బెట్టి, చుట్టును గీత గీచి కోసెను. లండనులో జోసఫ్ కార్ప్యూ అను వైద్యుడు ఆ విధానము ననుసరించి 1814లో శస్త్రచికిత్స చేసి, 1816లో గ్రంథముగా ప్రకటించెను.

ఆకు గాని, మైనపురేకు గాని కొలచినది రోగి ముఖమునే. రాజుగారి ముక్కును గాని, కవి వర్ణించిన సంపెంగను గాని కొలవలేదు. ఈ సూక్ష్మమును చదువరులు జ్ఞప్తియం దుంచుకొనవలెనని కోరుచున్నాము.

‘ప్లాస్టిక్’ అను మాట విని యిది మన బజారులో దొరకు బిందెల పదార్థమునకు సంబంధించినదని కొందరు భ్రమపడుదురు. గ్రీకుభాషలో దానికి రూపుదిద్దుట యని యర్థము. 1838లో జర్మనీ వైద్యుడు ఎడ్వర్డ్ జైస్ తన గ్రంథమునకు ఆ పేరు పెట్టునాటికి నేటి ప్లాస్టిక్కు పుట్టనే లేదు.

అయినను రొమ్ముమీద శస్త్రము పెట్టుట ఆ కాలమున భయంకరమైన పని. ఇంగ్లీషు నవలారచయిత్రి ఫానీ బర్నీకి 1811లో పారిసు నగరమున మత్తుమందు లేకుండ రొమ్ము తీసివేసిరి. ఆమె ఆ యనుభవమును తన సోదరికి జాబుగా వ్రాసెను. స్త్రీ తన శరీరముపై జరిగిన శస్త్రమును తన మాటలలో తానే చెప్పిన అరుదైన పత్ర మది. మత్తుమందులు వచ్చిన పిమ్మటనే శస్త్రవైద్యులకు తొందర తగ్గి, రూపమును గూర్చి యాలోచించుటకు తీరిక దొరికెను.

ఇచ్చట మన నగరముల చరిత్ర ప్రపంచచరిత్రలో కలియుచున్నది. మూడవ నిజాము సికందర్ జా పేరిట 1806లో ఏర్పడిన సికిందరాబాదు దండుప్రదేశము. 1897 ఆగష్టు 20వ తేదీని రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడను కనిపెట్టినది బేగంపేటలోనే. అంతకు కొన్ని యేండ్లకు పూర్వము, హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడును వైద్యపాఠశాలకు అధ్యక్షుడునైన ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫారము గుండెకు హాని చేయదనియు, ఊపిరిని కనిపెట్టియున్నచో చాలుననియు వాదించెను. దీనిని స్థాపించుటకై నిజాము మహబూబ్ అలీఖాను ధనసహాయముతో 1888లో మొదటి సంఘమును, 1889లో రెండవ సంఘమును ఏర్పడెను. రెండవదానికి లండను లాన్సెట్ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ వచ్చెను. వందలకొలది జంతువులపై పరీక్షలు జరిగెను. 1889లో మన వైద్యపాఠశాలనుండి పట్టముపొందిన రూపాబాయి ఫర్దూంజీ క్లోరోఫారమిచ్చు పనిలో నిపుణురాలై, మత్తువైద్యములో ప్రపంచమునందే తొలి స్త్రీలలో నొకతెగా గణుతికెక్కెను. సంఘము లారీ పక్షముననే తీర్పు చెప్పెను.

ఆ తీర్పు నిలువలేదు. 1911లో గుడ్మన్ లీవీ అను శాస్త్రజ్ఞుడు, కొద్దిగా ఇచ్చిన క్లోరోఫారము సైతము గుండె లయను ఛిన్నాభిన్నము చేసి హఠాత్తుగా ప్రాణము తీయగలదని పిల్లులపై పరీక్షించి నిరూపించెను. లారీ వంచకుడు కాడు. శ్రద్ధగలవాడు, తన రోగుల మేలు కోరినవాడు. అయినను ఆయన నిశ్చయము శాస్త్రముకంటె ముందు నడచెను. సద్బుద్ధిగల వైద్యుడు, రాజపోషణ, పెద్దసంఘము, జయఘోష ఇన్ని యున్నను సత్యము తప్పిపోవచ్చును. స్తన శస్త్రచికిత్స చరిత్రయంతయు ఈ పాఠమునకే వ్యాఖ్యానముగా నున్నది.

క్యాన్సరు సోకిన రొమ్మును తీయుటలో అమెరికాకు చెందిన విలియమ్ హాల్‌స్టెడ్ 1894లో ప్రకటించిన పద్ధతి డెబ్బదేండ్లకు పైగా రాజ్యమేలెను. రొమ్ముతో గూడ ఛాతీ కండరములను, చంకలోని గ్రంథులను ఆతడు తీసివేసెడివాడు. ఎంత యెక్కువ కోసిన అంత రక్షణ యని వైద్యలోకము నమ్మెను. బెర్నార్డ్ ఫిషర్ మొదలగువారు 1971లో ఆరంభించిన పరీక్షలు, 1985లో ప్రకటించిన ఫలితములు, తగిన రోగులలో తక్కువ కోసినను ఆయుర్దాయము తగ్గదని స్పష్టపరచినవి. అంతవరకు అమెరికాలో గడ్డను పరీక్షించుటకు మత్తిచ్చి, అది క్యాన్సరని తేలినచో ఆ మత్తులోనే రొమ్ము తీసివేయుట ఆచారముగా నుండెను. స్త్రీ నిద్రపోవునప్పుడు తన గతి యేమో యెరుగదు. మేల్కొనునప్పటికి రొమ్ము లేదు. స్త్రీలు పోరాడినపిమ్మట 1979లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల సమావేశము, పరీక్ష వేరుగాను చికిత్స వేరుగాను రెండంచెలుగా జరుగవలెనని సూచించెను. నడుమ దొరకిన ఆ కొద్దిదినముల గడువే స్త్రీ నిర్ణయమునకు చోటు కల్పించినది.

పోయిన రొమ్మును తిరిగి కల్పించు ప్రయత్నములు దీనికి సమాంతరముగా నడచినవి. 1895లో జర్మనీ వైద్యుడు విన్సెంట్ జెర్నీ, రొమ్ములోని గడ్డ తీసినందున లోటు ఏర్పడిన యొక గాయనికి, ఆమె నడుము ప్రక్కనున్న క్రొవ్వుగడ్డనే తీసి ఆ చోట నుంచెను. ఇటలీ వైద్యుడు తన్సీనీ వీపు కండరమును చర్మముతో సహా ముందునకు త్రిప్పి తెచ్చెను. ఇవి రోగి శరీరములోని ధాతువుతోనే రోగికి రూపము కల్పించు మార్గములు. సుశ్రుతుని మార్గమునకు దగ్గరి చుట్టములు.

పరపదార్థమును లోపల పెట్టు మార్గము చాలకాలము దుఃఖకరముగానే యుండెను. పందొమ్మిదవ శతాబ్ది చివర వియన్నా నగరములో గెర్సునీ పారఫిను మైనమును సూదితో నెక్కించు పద్ధతిని ప్రచారము చేసెను. ఆ మైనము కదలి, గట్టిపడి, పుండ్లయి, స్త్రీలను వికృతరూపలను చేసెను. పిమ్మట స్పాంజివంటి పదార్థములు వచ్చినవి. అవి ముడుచుకొని రాయివలె నయ్యెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము జపానులోను, అమెరికాలోను ద్రవసిలికోనును నేరుగా రొమ్ములోని కెక్కించిరి; దానివలనను ఘోరమైన ఉపద్రవములు కలిగెను. ప్రతిసారియు ముందు ప్రకటన, వెనుక పశ్చాత్తాపము.

1962లో టెక్సాసులోని హ్యూస్టను నగరమున థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అను ఇద్దరు సర్జనులు సిలికోను సంచిలో సిలికోను జెల్లీ నింపిన ఇంప్లాంటును మొదటిసారి యొక స్త్రీకి పెట్టిరి. అంతకుముందు దానిని ఒక ఆడుకుక్కపై పరీక్షించిరి. ఆ స్త్రీ వచ్చినది రొమ్ముమీది పచ్చబొట్టు తీయించుకొనుటకు; రొమ్ము పెంచుకొనుటకు కాదు. క్రొత్త పరికరమును గూర్చిన ప్రస్తావన వైద్యుల వైపునుండియే వచ్చెను. ఈ చిన్న విషయము చరిత్రలో పెద్దదని మేము తలంచుచున్నాము.

అమెరికా ప్రభుత్వమునకు వైద్యపరికరములపై సమగ్రాధికారము వచ్చినది 1976లో. అనగా ఇంప్లాంటులు పదునాలుగేండ్లు వాడుకలో నున్న తరువాత. సంచులు పగులుట, చుట్టును మచ్చపొర బిగియుట, వేరు వ్యాధుల యనుమానము వీనిపై గొప్ప వివాదము చెలరేగగా 1992లో ఆ దేశపు ఆహారౌషధ పరిపాలన సంస్థ సిలికోను జెల్లీ ఇంప్లాంటులను పునర్నిర్మాణమునకును పరిశోధనలకును తప్ప నిలిపివేసెను. తయారుదారైన డౌ కార్నింగ్ కంపెనీ వ్యాజ్యముల భారమున 1995లో దివాలా యర్జీ పెట్టుకొనెను. 1999లో అక్కడి వైద్యసంస్థయొక్క నివేదిక, ఇంప్లాంటులే సంధివాతాది వ్యాధులకు కారణమనుటకు నిదర్శనము చాలదనియు, పగులుట బిగియుట మొదలగు స్థానికోపద్రవములు మాత్రము నిజమనియు తేల్చెను. 2006లో అవి మరల అనుమతి పొందెను.

కథ అంతటితో ముగియలేదు. ఫ్రాన్సులోని పీఐపీ కంపెనీ వైద్యమునకు పనికిరాని చౌక సిలికోనును నింపుచున్నట్లు 2010లో బయటపడెను; అనేకదేశములలో లక్షలకొలది స్త్రీలు వానిని ధరించియుండిరి. స్థాపకుడు 2013లో కారాగారశిక్ష పొందెను. గరుకు ఉపరితలము గల ఇంప్లాంటుల చుట్టును పుట్టు అరుదైన యొక లింఫోమా క్యాన్సరును గూర్చి 2011లో హెచ్చరిక వెలువడి, 2019లో అలర్గాన్ కంపెనీవారి యొకజాతి గరుకు ఇంప్లాంటులు ప్రపంచమంతట బజారునుండి ఉపసంహరింపబడెను. 2021లో అమెరికా సంస్థ ఇంకొక అడుగు వేసెను. ప్రతి ఇంప్లాంటుతోడను ప్రమాదములను తెలుపు హెచ్చరిక యుండవలెననియు, శస్త్రమునకు పూర్వము రోగి యొక్కొక్క అంశమును చదివి గుర్తుపెట్టు పట్టిక ఈయవలెననియు శాసించెను. అరువదేండ్ల యనుభవసారమంతయు ఆ కాగితములో నున్నది: ఇంప్లాంటు జీవితాంతము నిలుచు వస్తువు కాదు, కాలము గడచినకొలది మరల శస్త్రము అవసరమగు అవకాశము పెరుగును.

ఇప్పుడు కొలతను గూర్చి చెప్పుదము. ఇంప్లాంటు పరిమాణమును సీసీలలో చెప్పుదురు. మున్నూరు సీసీల ఇంప్లాంటు ఇంచుమించు మున్నూరు గ్రాముల బరువు. రెండును కలిసి అరకిలోకు మించును. ఈ బరువును చర్మము, రొమ్ములోని ధాతువు ఏండ్లతరబడి మోయవలెను. లోదుస్తుల దుకాణములో చెప్పు కప్పు కొలతను పట్టుకొని, నన్నింతవరకు చేయుడని యడుగుట వలన ప్రయోజనము లేదు. ఆ కొలత కంపెనీకొక తీరుగా నుండును. ఇన్ని సీసీలకు ఇంత కప్పు అని నిర్ణీతమైన లెక్క లేదు. వెడల్పయిన ఛాతీపై చిన్నదిగా కనబడు సంచియే సన్నని ఛాతీపై పెద్దదిగా కనబడును.

రెండవది ప్రొఫైలు, అనగా ఉబ్బెత్తు. సమానమైన నీరు పట్టు మూకుడును చెంబును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మూకుడు పరచుకొని యుండును. చెంబు నిలువుగా నుండును. అట్లే మున్నూరు సీసీల ఇంప్లాంటులలో తక్కువ ఉబ్బెత్తు గలది పదమూడు సెంటీమీటర్ల వెడల్పు, మూడుకు పైచిలుకు ఎత్తు ఉండవచ్చును. ఎక్కువ ఉబ్బెత్తు గలది పదకొండు వెడల్పు, నాలుగున్నర ఎత్తు ఉండవచ్చును. పరిమాణ మొక్కటే, రూపము వేరు. కాబట్టి సీసీల సంఖ్య యొక్కటియే చెప్పుట సగము మాట చెప్పుటయే.

మంచి సర్జను చేయు మొదటి పని టేపు తీసికొనుట. స్త్రీ రొమ్ము అడుగుభాగపు వెడల్పును కొలుచును. చనుమొన నుండి రొమ్ము క్రింది మడతవరకు గల దూరమును కొలుచును. చర్మమును ముందుకు లాగి ఎంత సాగునో చూచును. పైభాగమున వ్రేళ్లతో పట్టి ధాతువు మందము నెరుగును. 2002లో జాన్ టెబెట్స్ అను అమెరికా సర్జను ఈ కొలతలను క్రమబద్ధము చేసి, ఇంప్లాంటును కోరికనుబట్టి గాక ధాతువునుబట్టి ఎన్నుకొనవలెనని ప్రకటించెను. ఇంప్లాంటు వెడల్పు స్త్రీ రొమ్ము వెడల్పును మించరాదు. మించినచో ఒకవైపున చంకలోనికి పోవును, మరొకవైపున రెండు రొమ్ములును నడుమ నొకటైపోవును. పైభాగపు మందము రెండు సెంటీమీటర్లకు తక్కువగా నున్నచో అంచులు చర్మముక్రింద తెలియకుండునట్లు కండరము క్రింద నుంచుట యుక్తమని యాయన మతము. అధికపరిమాణము ధాతువును పలుచబరచి క్రిందికి జార్చును. అట్లు పలుచబడిన ధాతువును తిరిగి పూర్వస్థితికి తెచ్చుట అసాధ్యప్రాయము.

చూడుడు, రెండువేల యేండ్లనాటి ఆకును, పూనా ఇటుకల పనివాని మైనపురేకును, నేటి టేపును చెప్పు ధర్మ మొక్కటే. కొలత రోగి శరీరమునుండి రావలెను.

సర్జనును చూచుటకు ముందు స్త్రీలు ఇంటిలో చేసికొను యొక పరీక్ష కలదు. పలుచని మేజోడులో బియ్యము పోసి ముడివేసి, లోదుస్తులో నుంచుకొని, అద్దమున చూచుకొనుట. బియ్యమును గిన్నెతో కొలిచి పోసినచో ఎన్ని సీసీలో తెలియును. ఒకటిరెండు దినములు ఆ సంచులతో వంటచేసి, మెట్లెక్కి, బిడ్డను ఎత్తుకొని చూచిన స్త్రీకి, పత్రికలోని బొమ్మ చెప్పని సంగతులు తెలియును. బియ్యము జెల్లీకంటె తేలిక యనియు, లోపల కండరము క్రింద నుంచినది కొంత అణగి కనబడుననియు గుర్తుంచుకొనవలెను. ఇది ఊహకు సహాయమే గాని నిర్ణయము కాదు. సర్జనుల యొద్ద నమూనా సంచులును, కంప్యూటరులో రూపము చూపు యంత్రములును గలవు. యంత్రము చూపిన బొమ్మ వాగ్దానము కాదు.

కొలతతోబాటు అడుగదగిన ప్రశ్నలు మరికొన్ని కలవు. మరల శస్త్రము అవసరమైనచో ఆ వ్యయమెవరిది? ఇంప్లాంటు తయారుచేసిన కంపెనీ యేది, దాని సంఖ్య వ్రాసిన చీటీ నా చేతికిత్తురా? ఉపరితలము నునుపా, గరుకా? కోత ఎచ్చట పెట్టుదురు? చనుమొన చుట్టును కోసినచో బిడ్డకు పాలిచ్చుటకు ఆటంకము కలుగవచ్చును గనుక సంతానము కోరు స్త్రీకి ఈ ప్రశ్న ముఖ్యము. ముందు ముందు మామోగ్రాము తీయించుకొనునపుడు ఇంప్లాంటు కొంతభాగమును కప్పివేయును. కావున తీయువారికి ముందుగా చెప్పి ప్రత్యేకకోణములలో తీయించుకొనవలెను. జెల్లీ సంచి పగిలినను పైకి తెలియకపోవచ్చును; ఐదారేండ్ల కొకసారి మొదలుపెట్టి, పిమ్మట రెండు మూడేండ్ల కొకసారి అల్ట్రాసౌండు గాని ఎంఆర్ఐ గాని చేయించవలెనని అమెరికా సంస్థ సలహా. ఈ ప్రశ్నలకు విసుగుకొను సర్జను చేయి ఎంత నేర్పుగలదైనను ఆయన గది విడిచి లేచివచ్చుట మంచిది. ప్రకటనలతో రోగులను పిలుచుట భారత వైద్యమండలి 2002 నాటి నియమావళికి విరుద్ధమను సంగతియు ఎరిగియుండవలెను.

క్యాన్సరువలన రొమ్ము పోయిన స్త్రీ విషయము దీనికంటె గంభీరము. అచ్చట కొలతకు ప్రమాణము రెండవ రొమ్ము. దానికి సరిపోవు ఇంప్లాంటు ఒక మార్గము. కడుపునుండియో వీపునుండియో ధాతువు తెచ్చి నిర్మించుట రెండవ మార్గము. పైన ధరించు కృత్రిమ రొమ్ము మూడవది. ఏమియు చేయించుకొనక చదునైన ఛాతీతో గౌరవముగా బ్రతుకుట నాలుగవది. రేడియేషను చికిత్స అవసరమైనవారికి ఇంప్లాంటు చుట్టును బిగింపు ఎక్కువగా వచ్చును గనుక ఎన్నిక ఇంకను జాగ్రత్తగా జరుగవలెను. సికిందరాబాదు మినిస్టరు రోడ్డులోని కిమ్స్ ఆసుపత్రియందు కిమ్స్–ఉషాలక్ష్మి రొమ్ము వ్యాధుల కేంద్రము కలదు. దాని స్థాపకుడైన డాక్టరు పి. రఘురామ్ తన తల్లి పేరిట దానిని నెలకొల్పెను. తెలుగునాట పల్లెలలో ఆరోగ్యకార్యకర్తలచే రొమ్ము పరీక్షలు చేయించుట, దేశభాషలలో విషయము తెలియజేయుట ఆయన సంస్థ చేసిన పనులలో ముఖ్యములు. ‘రొమ్ము’ అను మాటను వేదికపై బిగ్గరగా పలుకుటయే ఆ పనిలో తొలిమెట్టు. మరియొక సంగతి గృహస్థు లెరుగదగినది: మన దేశపు ఆరోగ్యబీమాలు సౌందర్యశస్త్రమునకు డబ్బు చెల్లింపవు, ప్రమాదము, కాలుట, క్యాన్సరు వీని పిమ్మట చేయు పునర్నిర్మాణమును బీమానియంత్రణ సంస్థ ఆ నిషేధమునుండి మినహాయించినది.

సౌందర్యముకొరకు చేయించుకొను శస్త్రము మిథ్యాడంబరము కాదా యని సంస్కారప్రియులు అడుగుదురు. ఈ ప్రశ్నను మేము త్రోసివేయము. కవి కుండల నుపమానముగా తెచ్చిన దేశమున, చలనచిత్రపు తెర ఆ కుండలనే పెంచి చూపు కాలమున, ఆరోగ్యవతియగు స్త్రీ తన శరీరమున లోపమున్నదని తలంచుటలో ఆమె స్వేచ్ఛ యెంత, లోకుల యొత్తిడి యెంత యని విచారింపకుండుట తగదు. పెండ్లి సంబంధము కుదురుటకై కూతురికి చేయించు తల్లిదండ్రులున్నచో అది వరకట్నమునకు తోబుట్టువే.

కాని ఈ వాదమును మిక్కిలి దూరము తీసికొనిపోవుటయు ప్రమాదము. మన సంస్కర్తలు స్త్రీకి చదువు నిచ్చిరి, వితంతువునకు వివాహము నిచ్చిరి. ఆమె తన శరీరమును గూర్చి తాను పలికిన మాటను మాత్రము సహింపలేకపోయిరి. ముద్దుపళని రాధికాసాంత్వనమును వీరేశలింగము పంతులుగారు అశ్లీలమని నిందించిరి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దానిని పూర్తిగా ముద్రింపగా ప్రభుత్వము నిషేధించెను. ప్రకాశముగారి ప్రభుత్వకాలమునగాని ఆ నిషేధము తొలగలేదు. పురుషులు వ్రాసిన అంతకు మించిన శృంగారము నిరాటంకముగా అచ్చగుచునే యుండెను. స్త్రీ శరీరము వర్ణనీయమా కాదా యను వివాదము కంటె, వర్ణించు అధికార మెవరిది యను ప్రశ్నయే అచ్చట అసలు ప్రశ్న. నేటి శస్త్రశాలలోను అదియే.

2018లో పొరుగునున్న తమిళనాడు ప్రభుత్వము చెన్నై స్టాన్లీ వైద్యకళాశాలలో పేద స్త్రీలకు ఉచితముగా రొమ్ము శస్త్రచికిత్సలు, ఇంప్లాంటులతో సహా, చేయుదుమని ప్రకటించెను. ప్రాణము కాపాడు వైద్యమునకే ధనము చాలనప్పుడు ఇది తగునా యని కొందరు ఆక్షేపించిరి. ధనవంతురాలికి తగినది పేదరాలికి ఏల తగదని మరికొందరు బదులు పలికిరి. మా మట్టుకు, క్యాన్సరు శస్త్రమున రొమ్ము కోల్పోయిన స్త్రీకి, పుట్టుకతో ఒక రొమ్ము పెరుగని బాలికకు ప్రభుత్వ మాదుకొనుట ధర్మమనియు, మిగిలిన విషయములలో ఉచితముగా నీయవలసిన మొదటి వస్తువు నిష్పాక్షికమైన సలహా యనియు తోచుచున్నది.

చివరగా సమ్మతి. మన ఆసుపత్రులలో స్త్రీ శస్త్రమునకు భర్త సంతకమో, తండ్రి సంతకమో అడుగు నలవాటు ఇంకను పోలేదు. 2008 జనవరిలో సమీరా కోహ్లీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ విషయమున స్పష్టమైన తీర్పు చెప్పెను. పరీక్షకు మాత్రమే సమ్మతించిన స్త్రీకి, ఆమె మత్తులో నున్నప్పుడు, బయటనున్న తల్లి సమ్మతి తీసికొని గర్భసంచిని అండాశయములను తీసివేసిరి. ప్రాణాపాయము లేనప్పుడు, యుక్తవయస్కురాలై తెలివిగల రోగికి బదులు వేరొకరిచ్చు సమ్మతి చెల్లదని న్యాయస్థానము తేల్చెను. చికిత్స స్వరూపము, ప్రయోజనము, ప్రత్యామ్నాయములు, ముఖ్యమైన ప్రమాదములు రోగికి తెలియజెప్పి పొందినదే సమ్మతి. అమెరికాలో 1979లో స్త్రీలు సాధించినది, మన న్యాయస్థానము ఇరువది తొమ్మిదేండ్లకు పలికినది, ఒక్క మాటయే: నిద్రించుచున్న స్త్రీకి బదులు మరియొకరు నిర్ణయింపరాదు.

కొలత యెవరిదని మొదట అడిగితిమి. అది కవిది కాదు, భర్తది కాదు, కంపెనీది కాదు. సర్జనుకు అందులో హక్కు కాదు గాని బాధ్యత కలదు. ధాతువు మోయలేని పరిమాణమును స్త్రీ కోరినపుడు కాదని చెప్పుట ఆయన ధర్మము. ధాతువు మోయగల హద్దులలో ఎంత, ఎట్లు, అసలు అవసరమా అను మూడింటికిని ఉత్తరము చెప్పవలసినది ఆ శరీరమును ధరించి బ్రతుకవలసిన స్త్రీయే. ఆ యుత్తరము నిజముగా ఆమెది కావలెనన్నచో ఆమెకు విషయము తెలిసియుండవలెను. తెలియవలెనన్నచో ఇంటిలో మాట పుట్టవలెను. గడ్డను దాచిపెట్టు మౌనమును, కుండలతో పోల్చు అతిశయోక్తిని మన యిండ్లనుండి వెడలగొట్టి, తల్లులు కూతుండ్రతో, భార్యలు భర్తలతో శరీరమును గూర్చి నెమ్మదిగా, పేరు పెట్టి మాటలాడు దినము వచ్చినచో, వైద్యుని టేపు ఆమె రొమ్మును కొలుచుటకు ముందే ఆమె తన మనస్సును తాను కొలుచుకొని యుండును.